తాతయ్య ట్రంకుపెట్టెలో రంగా గారు

పెట్టె మూత ఎత్తగానే చుట్ట వాసన గుప్పుమంది. తాతయ్య పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. బట్టలకి పురుగు పట్టకుండా పెట్టెలో పొగాకు కాడలు వేసి ఉంచేవాడు. ఆ కాడలు ఎప్పుడో పొడైపోయాయి. వాసన మాత్రం, ఆయన ఇంకా పంచలో పడక్కుర్చీలో కూర్చున్నట్టే ఉంది.

మొన్న నవంబరులో ఊళ్ళో ఇల్లు బేరం కుదిరి, సామాను తేల్చడానికి వెళ్ళాం. మా చెల్లెలు ఇత్తడి గిన్నెలు లెక్కపెట్టుకుంటూ ఈ రేకు పెట్టెని నా వైపు తోసింది. పైన రెండు ఖద్దరు పంచెలు, ఒక కండువా. వాటి కింద శిస్తు రసీదులు, నీటితీరువా రసీదులు, ఎద్దులు కొన్న చీటీలు. అట్టడుగున దారంతో కట్టిన కాగితాల కట్ట. పైకాగితం మీద పెన్సిలుతో ఒకే మాట: "రంగా గారు".

ఈ కాలం పిల్లలకి ఎన్.జి. రంగా అంటే వ్యవసాయ యూనివర్సిటీ. మా మేనల్లుడి కొడుకు బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చేశాడు. నాలుగేళ్ళు ఆ పేరు కిందే చదివి, "అది మనిషి పేరా తాతయ్యా? ఎన్జీ అంటే ఏదో షార్ట్ ఫామ్ అనుకున్నా" అన్నాడు. గోగినేని రంగనాయకులు అని చెప్పాను. 1930లో ఢిల్లీ సభలో అడుగుపెట్టి, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, 1991 దాకా ఆ సభల్లోనే గడిపిన మనిషనీ, అన్నేళ్ళున్నందుకు గిన్నిస్ బుక్కులో ఎక్కాడనీ చెప్పాను. గిన్నిస్ అనగానే కుర్రాడు ఫోనులోంచి తలెత్తాడు.

మా తాతయ్య దగ్గర ఈ మాట అనుంటే కుర్చీలోంచి లేచేవాడు.

*

మా ఊరు తెనాలికి ఐదు మైళ్ళు. రంగా గారి ఊరు నిడుబ్రోలు. తెనాలిలో మద్రాసు వైపు ప్యాసింజరు ఎక్కితే ఎంతోసేపు పట్టదు. ఆయన 1900లో అక్కడ రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో ఎకనామిక్స్ చెప్పారు. ఆ ఉద్యోగం వదిలేసి పల్లెలు పట్టుకు తిరిగారు. తర్వాత నిడుబ్రోలులో రైతుబిడ్డల కోసం ఒక విద్యాలయం పెట్టారు. పగలు పొలంలో ఉండేవాళ్ళకి శిస్తు ఎందుకు కడుతున్నాం, ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, జమీందారుకి ఆ హక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది అనే పాఠాలు చెప్పే బడి అది. సోంపేట వైపు నుంచి వచ్చిన గౌతు లచ్చన్న గారు రంగా గారి శిష్యుడని అందరికీ తెలుసు. మా తాతయ్య కూడా శిష్యుణ్ణనే చెప్పుకునేవాడు. తేలిందేమిటంటే ఆయన అక్కడున్నది మొత్తం పదకొండు రోజులు. నాట్లు మొదలయ్యాయని ముత్తాత కబురు పెడితే వచ్చేశాడు.

ఆ పదకొండు రోజుల మీద ఆయన యాభై ఏళ్ళు బతికాడు. అక్కడ నేర్చుకున్న ఒక లెక్క మాకందరికీ నేర్పాడు. ఎకరం వరికి దుక్కి ఎంత, విత్తనం ఎంత, కోత కూలి ఎంత, ఎద్దుల మేత ఎంత అని ఒక పక్క రాసి, ఇంటివాళ్ళ కష్టానికి కూడా కూలి కట్టి, రెండో పక్క అమ్మిన ధాన్యం డబ్బులు రాయాలి. ఎప్పుడు వేసినా మొదటి పక్కే పెద్దదిగా తేలేది. "చూశావట్రా, మనం ఏడాదంతా పనిచేసి ఎదురు కట్టాం" అని నవ్వేవాడు. గిట్టుబాటు ధర అనే మాట పేపర్లలోకి రాకముందే మా ఇంట్లో పలకల మీద ఉంది.

1937-38ల్లో రైతు సంఘం వాళ్ళు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచారు కదా, ఆ నడిచేవాళ్ళకి తను మజ్జిగ పోశానని చెప్పేవాడు. ఏ ఊళ్ళో పోశావు తాతయ్యా అంటే మాట మార్చేవాడు.

*

నాకు బాగా గుర్తున్నది గట్టు.

తెల్లవారుజామున పార భుజాన వేసుకుని తాతయ్య బయల్దేరితే నేను వెనకాల. మంచుకి కాళ్ళు తడిసిపోయేవి. గట్టు మీద నడుస్తూ ఎక్కడ ఎండ్రకాయ బొరియ చేసిందో, ఎక్కడ నీరు జారుతోందో చూసుకునేవాడు. పారతో గడ్డి చెక్కి, చేలోంచి మెత్తటి బురద ఎత్తి గట్టు మీద కొట్టి, అరచేత్తో కాదు, పార వెనక్కి తిప్పి దాని వీపుతో నున్నగా రాసేవాడు. నాయనమ్మ అరుగు అలికినట్టే ఉండేది. పక్కచేను రైతు కూడా అటు వైపు నుంచి అలాగే చెక్కేవాడు, కాకపోతే ప్రతి ఏడూ ఒక వేలెడు ఎక్కువ చెక్కేవాడని తాతయ్య అనుమానం. ఆ వేలెడు కోసం ఇద్దరూ ఒకసారి ఆరు నెలలు మాట్లాడుకోలేదు.

నేను పాలు తాగే వయసులో, 1959లో, నాగపూరు కాంగ్రెస్‌లో ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేశారు. పొలాలన్నీ కలిపి సేద్యం చేయాలన్నది నెహ్రూ గారి ఆలోచన. రంగా గారు అప్పటికి మా తెనాలి ఎంపీ. 1957లో కాంగ్రెస్ కాడెద్దుల గుర్తు మీదే గెలిచారు. ఆయన ఒప్పుకోలేదు. కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. కాంగ్రెస్ వదలడం అదేమీ కొత్త కాదు. 1951లో ఒకసారి వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టి, 1955కల్లా మళ్ళీ దగ్గరయ్యారు.

ఢిల్లీలో ఆ వాదన ఏ మాటల్లో నడిచిందో గానీ, మా ఊరికి వచ్చేసరికి ఒకే మాటగా తేలింది: గట్లు తీసేస్తారట. అంతే. వేలెడు కోసం మాట్లాడుకోని ఇద్దరూ ఒక అరుగు మీద కూర్చున్నారు. అలా మా ఊళ్ళో స్వతంత్ర పార్టీ పుట్టిందని మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు.

కొత్త పార్టీ గుర్తు నక్షత్రం. మా గోడ మీద ఐదేళ్ళ కింద తాతయ్యే వేయించిన కాడెద్దుల మీద సున్నం కొట్టించి నీలిరంగు చుక్క వేయించాడు. వాన పడితే సున్నం తడిసి చుక్క వెనకాల ఎద్దుల కొమ్ములు కనపడేవి. "ఎద్దులేమో మనవి, గుర్తేమో వాళ్ళది" అని తాతయ్య బాధ.

*

1962 ఎన్నికల మీటింగు తెనాలిలో. నేను తాతయ్య భుజాల మీద కూర్చున్నాను. పెట్రోమాక్స్ లైట్ల చుట్టూ పురుగులు, జీపు మీద కట్టిన మైకు బుయ్ మనడం, వేరుశెనక్కాయల పొట్లం, కింద తాతయ్య బట్టతల మీద నా చేతుల చెమట. రంగా గారు మాట్లాడారు. తెల్లటి ఖద్దరు, కళ్ళజోడు. ఏం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తు లేదు. మధ్యలో నిద్రపోయాను కూడా.

ఆ రోజుల్లోనే జరిగిన ఇంకోటి మాత్రం మాట పొల్లుపోకుండా గుర్తుంది. పొద్దున చావిట్లో తాతయ్య ఇద్దరు ముగ్గురికి రంగా గారు రైతుల కోసం పార్లమెంటులో ఏమేం అడిగారో చెబుతున్నాడు. మా పెద్దపాలేరు పలుపుతాడు పేనుకుంటూ వింటున్నాడు. అంతా అయ్యాక తాడు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు:

"అయ్యా, రైతులకి ఇన్ని అడిగారు గదా. మాబోటోళ్ళకి ఏం అడిగారయ్యా?"

"రైతు బాగుంటే నువ్వు బాగుండవట్రా?" అన్నాడు తాతయ్య.

"ఎందుకు బాగుండనయ్యా" అని లేచి ఎద్దుల్ని విప్పుకుపోయాడు.

అతనికి అప్పుడు ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని జీతం. తాతయ్య పలక మీద లెక్కలో ఆ బస్తాలు ఖర్చు వైపు ఉండేవి. ఇంటివాళ్ళ కష్టానికి కూలి కట్టే చోట మాత్రం అతని ఇంటివాళ్ళ ఊసు ఉండేది కాదు. ఈ సంగతి నాకు తట్టేసరికి నాకు నలభై ఏళ్ళొచ్చాయి. రంగా గారు కూలీల గురించి మాట్లాడలేదని కాదు. కానీ మా ఊరి దాకా చేరిన రంగా గారు గట్టున్న వాళ్ళ రంగా గారే.

ఆ ఎన్నికల్లో కాలవ అవతలి పల్లె మొత్తం కంకి కొడవలికి వేసింది. తెనాలిలో కమ్యూనిస్టు గెలిచాడు, రంగా గారు ఓడిపోయారు. తాతయ్య ఆ సాయంత్రం పెద్దపాలేర్ని ఏమీ అనలేదు. చుట్ట ఇచ్చాడట. అతను చెవి వెనక పెట్టుకుని వెళ్ళాడట. నాయనమ్మ చెప్పింది.

*

ఓడినవాళ్ళు ఇంట్లో కూర్చుంటారనుకుంటాం. అదే ఏడాది చిత్తూరు ఎంపీ అనంతశయనం అయ్యంగారు గారు బీహారు గవర్నరుగా వెళ్తే అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. రంగా గారు అక్కడ నిలబడి గెలిచారు. తాతయ్య ఖద్దరు సంచిలో రెండు పంచెలు, అటుకులు, చుట్టల కట్ట వేసుకుని చిత్తూరు రైలెక్కాడు. అక్కడ ఎవరికీ ఈయనెవరో తెలీదు, ఈయన యాస వాళ్ళకి వింత. పదిహేను రోజులు తిరిగి, నల్లబడి, ఒక బుట్ట మామిడికాయలతో వచ్చాడు.

1967లో చిత్తూరు పోయింది. ఆసారి సోంపేట అసెంబ్లీకీ, శ్రీకాకుళం పార్లమెంటుకీ రెంటికీ గెలిచిన లచ్చన్న గారు పార్లమెంటు సీటు గురువు గారి కోసం వదిలేశారు. మళ్ళీ ఉప ఎన్నిక. మళ్ళీ ఖద్దరు సంచి. సీటు వదులుకోవడం అనే మాట ఇప్పుడు వింటే ఏదో పురాణంలో సంగతిలా ఉంటుంది గానీ, తాతయ్యకి అది ఎంత మామూలుగా అనిపించిందంటే, "శిష్యుడన్నాక ఇవ్వడా?" అన్నాడు.

నాయనమ్మ అటుకులు కడుతూ, "మన ఓటేమో ఇక్కడ, ఆయన సీటేమో ఎక్కడెక్కడో. దేశంలో ఉన్న జిల్లాలన్నీ అయ్యాకనన్నా ఇంట్లో ఉంటారా?" అంది. తాతయ్య చెప్పులు తొడుక్కుంటూ వినపడనట్టు నటించాడు.

నిజానికి ఆయన రంగా గారికి ఓటు వేసింది బతుకంతా కలిపి రెండేసార్లు. ఒకసారి గెలిచారు, ఒకసారి ఓడారు. అయినా తెనాలికి ఎవరు ఎంపీగా ఉన్నా, "మన ఎంపీ" అంటే రంగా గారే.

*

మా ఇంట్లో పొద్దున ఏడింటికి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. ఆకాశవాణి అనగానే నాయనమ్మ కూడా చల్ల చిలకడం ఆపాలి. పేపరు మధ్యాహ్నానికి గానీ ఊరు చేరేది కాదు. తాతయ్య భోంచేసి, పడక్కుర్చీలో వాలి, చెవి వెనక నుంచి పెన్సిలు ముక్క తీసి, పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు నోటీసుల దాకా చదివేవాడు. పార్లమెంటు వార్తల్లో రంగా గారి పేరు కనిపిస్తే కింద గీత గీసేవాడు. గీత పడిన కాగితం పొట్లానికీ వాడకూడదు, అల్మారా అరలోనూ పరచకూడదు. ఒకసారి అమ్మ పొరపాటున అలాంటి కాగితంలో మిరపకాయలు కట్టి పంపితే, తాతయ్య పొరుగింటికి వెళ్ళి మిరపకాయలు వాళ్ళ చేటలో పోయించి కాగితం తెచ్చుకున్నాడు.

స్వతంత్ర పార్టీ 1967లో లోక్‌సభలో 44 సీట్లతో పెద్ద ప్రతిపక్షంగా ఉన్నప్పుడు ఆ పెన్సిలు రోజూ అరిగేది. 1971లో ఎనిమిదికి పడిపోయింది. రంగా గారూ సభలో లేరు. ఆ ఏడాది కట్టలో కాగితాలు బాగా తక్కువ.

ఆ తర్వాత కొన్నాళ్ళకి రంగా గారు మళ్ళీ కాంగ్రెస్‌లో చేరారు. పన్నెండేళ్ళు కాంగ్రెస్‌ని తిట్టిన నోటితో ఊళ్ళో ఏం చెప్పాలి? తాతయ్య వారం రోజులు రచ్చబండ వైపు వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. ఎనిమిదో రోజు వెళ్ళి, ఎవరూ అడక్కముందే, "ఏ పార్టీలో ఉన్నా ఆయన మాట్లాడేది రైతు గురించే గదా" అన్నాడట. నాకు ఇది అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు. ఆ వారంలో మా గోడకి మళ్ళీ సున్నం పడింది. ఈసారి ఏ గుర్తూ వేయించలేదు.

1980లో గుంటూరు నుంచి గెలిచారు. 1984లో రాష్ట్రమంతా సైకిలు గాలి వీచి తెలుగుదేశం 30 సీట్లు ఎత్తుకుపోయినా, గుంటూరులో రంగా గారు నిలబడ్డారు. మా నాన్న అప్పటికే పసుపు కండువా వేసుకున్నాడు. తండ్రీకొడుకులు ఒకే పంచలో కూర్చుని, ఒకరు నాన్‌స్టాప్‌గా మాట్లాడుతూ ఒకరు ముసిముసిగా నవ్వుతూ ఉండేవారు. ఆ నవ్వేది తాతయ్య.

*

నేను అప్పుడు ఢిల్లీలో ఉన్నాను, బ్యాంకు ఉద్యోగం. కరోల్‌బాగ్‌లో ముగ్గురం ఒక గది. తాతయ్య ప్రతి ఉత్తరంలో చివరి వాక్యం ఒకటే: "ఒకసారి వెళ్ళి రంగా గారు మాట్లాడేది వినిరా."

ఎంపీల క్వార్టర్లలో పనిచేసే మనవైపు కుర్రాడి పుణ్యాన గ్యాలరీ పాసు దొరికింది. చలికాలం సమావేశాలు. స్వెట్టరు మీద చేతులు వేసి తడిమారు, పెన్నుతో సహా అన్నీ బయట పెట్టించారు. ఆ గుండ్రటి భవనంలో మెట్లెక్కి గ్యాలరీలో కూర్చుంటే, కాలు మీద కాలు వేసుకోకూడదని వచ్చి చెప్పారు. పాసు గంటసేపే.

కింద ఆయన కనిపించారు. ఎనభై అయిదేళ్ళు. చుట్టూ ఉన్న వాళ్ళ మధ్య తెల్లగా, బక్కపలచగా. సభలో ఏదో గొడవ, ఒకేసారి పదిమంది లేచి అరుస్తున్నారు. చెవికి పెట్టుకునే యంత్రంలో హిందీ, ఇంగ్లీషు కలిసిపోయి వినపడుతున్నాయి. రంగా గారు చెవి దగ్గర చెయ్యి ఆనించి ఎవరు మాట్లాడితే అటు తిరిగి వింటున్నారు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు లేస్తారు అని నేను ముందుకి వంగితే మళ్ళీ వచ్చి వెనక్కి కూర్చోమన్నారు. నేనున్న గంటలో ఆయన నోరు విప్పలేదు. పాసు టైము అయిపోయింది.

బయట ఎండలో పల్లీలు కొనుక్కుని తింటూ, ఇప్పుడు తాతయ్యకి ఏం రాయాలని ఆలోచించాను. ఆ రాత్రి ఇన్లాండ్ లెటరు తీసి మూడు వైపులా నింపాను. రంగా గారు లేచి నిలబడగానే సభ నిశ్శబ్దమైపోయిందన్నాను. ధాన్యానికి క్వింటాలు 142 రూపాయలు ఏ మూలకి సరిపోతాయి, దుక్కి లెక్క, విత్తనం లెక్క, కోత లెక్క, ఇంటివాళ్ళ కష్టం లెక్క వేసి ధర ఇవ్వాలని బల్ల గుద్ది అడిగారని రాశాను. పలక మీద నేర్చుకున్నదంతా ఆయన నోట పెట్టాను. ఒక చోట ఊపులో పాలేర్ల కూలి గురించి కూడా అడిగారని రాశాను.

పది రోజులకి నాన్న నుంచి ఉత్తరం. తాతయ్య నా లెటరు రచ్చబండ దగ్గర రెండుసార్లు చదివి వినిపించాడనీ, పెద్దపాలేర్ని పిలిపించి ఆ ఒక్క ముక్క మూడోసారి చదివాడనీ.

సంక్రాంతికి వెళ్తే ఊళ్ళో వాళ్ళు ఆపి మరీ అడిగారు. ఇంకా కొన్ని కల్పించక తప్పలేదు. తాతయ్య కుర్చీలో వాలి చుట్ట కాల్చుకుంటూ, నేను చెబుతున్నంతసేపూ చూరు వైపు చూస్తూ ఉన్నాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. వినికిడి తగ్గిందేమో అనుకున్నాను.

*

కట్ట విప్పాను. 1962 నుంచి పేపరు ముక్కలు, అన్నిటి మీదా పెన్సిలు గీతలు. 1991లో పద్మవిభూషణ్ ఇచ్చిన వార్త చివరిది. ఆ ఏడాది చివర్లోనే తాతయ్య పోయాడు. 1995 జూన్‌లో రంగా గారు పోయినప్పుడు పేపరు కట్ చేసి ఉంచేవాళ్ళు ఎవరూ ఇంట్లో లేరు.

ముక్కల మధ్య నీలం రంగు ఇన్లాండ్ లెటరు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక గోధుమ పిండి జిగురుతో కాగితం పట్టీలు అంటించి ఉన్నాయి. నా చేతిరాత నాకే చిన్నపిల్లాడిదిలా అనిపించింది. పేపర్లో గీసినట్టే రంగా గారి పేరున్న ప్రతి చోటా గీత. పాలేర్ల కూలి దగ్గర రెండు గీతలు.

అడ్రసు రాసే వైపు, స్టాంపు కింద ఖాళీలో, బాగా మసకబారిన పెన్సిలు:

"నాలుగు రోజుల పేపర్లు చూశాను. ఎక్కడా రాలేదు. బాగా రాశాడు."